ఫీజు రాయితీల కుర్చీలో కొత్తగా కూర్చున్న మేనకోడలికి

ధర్మాబాద్

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, నీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

దెగ్లూరు బడిలో నిన్ను ప్రధానోపాధ్యాయురాలిని చేశారని అన్నయ్య చెప్పాడు. సంతోషం తీరకముందే నీ ఫోను: "అత్తయ్యా, ఫీజు కట్టలేమని పద్నాలుగు కుటుంబాలు దరఖాస్తు పెట్టాయి. ట్రస్టు వాళ్లు నువ్వే చూసుకోమన్నారు. ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి?" ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. ఇరవై రెండేళ్లు ఒక చిన్న ప్రైవేటు ప్రాథమిక బడిలో ఆ పని చేశాను. అందులో మొదటి ఆరేళ్లు తప్పుగా చేశాను.

ముందు ఆ పద్నాలుగింటిలో ప్రభుత్వం మోయవలసిన బరువు ఏదో వేరు చెయ్యి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడి ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి దాకా వాళ్ల చదువు ఉచితం. మహారాష్ట్రలో దీనికి ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ. ఆర్థికంగా వెనుకబడినవాళ్లయితే ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ పరిమితి లేదు. చాలామంది గడువు దాటాక పరుగెత్తుకొస్తారు. బడి ఈడుకు వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇళ్లకు ఇప్పుడే చెప్పి కాగితాలు సిద్ధం చేయించు. లాటరీలో వచ్చిన పిల్లల తరఫున ప్రభుత్వం మీకు చెల్లిస్తుంది: తన బడుల్లో ఒక్కొక్కరికి పెట్టే ఖర్చు, మీ ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా రాయితీ నిధిలోంచి సర్దుదామని మీ గుమాస్తా తప్పకుండా అంటాడు. ఒప్పుకోకు.

ఇక మిగిలినవాళ్లే నీ వాళ్లు. లాటరీలో పేరు రానివాళ్లు, ఆదాయం లక్షకు కాస్త పైబడినవాళ్లు, మూడో తరగతిలోనో నాలుగులోనో వచ్చి చేరినవాళ్లు, ఏడాది మధ్యలో సంపాదించే మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. ఈ చివరివాళ్ల కోసం నిధిలో నాలుగో వంతు జనవరి దాకా ముట్టుకోకు.

నిధి అంటే ట్రస్టీ జేబులోని దయ కాదమ్మా, లెక్కల పుస్తకంలో ఒక పద్దు. మన రాష్ట్ర ఫీజు చట్టం ప్రకారం ఫీజు ప్రతిపాదన తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సంఘం కార్యవర్గం ముందుకు వెళ్లాలి, ఖాయమైన ఫీజు రెండేళ్లు మారదు. రాయితీ సొమ్ము ఆ ప్రతిపాదనలోనే చూపించు. తేదీలు కూడా రాసి గోడకు అంటించు. గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్ల కోసం రెండు రాష్ట్రాలు ఎన్నేళ్లు కొట్టుకున్నాయో చిన్నప్పుడు నువ్వు మా ఇంట్లోనే విన్నావు. 2013లో సుప్రీంకోర్టు జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచమని తేదీలు రాసిచ్చాక, గేట్లు ఎత్తమని ఎవరూ ఎవరినీ బతిమాలే పని లేకపోయింది. నీ దగ్గర ఏప్రిల్‌లో దరఖాస్తు, మే నెలాఖరుకు నిర్ణయం, జూన్‌లో బడి తెరిచేసరికి వాళ్ల చేతిలో ఉత్తరం.

కాగితాల దగ్గర తెలంగాణ సరిహద్దు మనల్ని ఏడిపిస్తుంది. మహారాష్ట్రలో పసుపు రేషన్ కార్డు నిరుపేదది, తెల్లది కలవాళ్లది. అవతల తెలుగు నేల మీద అప్పట్లో తెల్ల కార్డే పేదవాళ్ల కార్డు. బోధన్ నుంచి వచ్చిన ఒక తల్లి తెల్ల కార్డు నకలు జతచేస్తే, మా గుమాస్తా "ఉన్నవాళ్లు" అని పక్కన పెట్టేశాడు. ఆమె బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. నాకు తెలిసేసరికి పిల్లవాడు బడి మానేసి రెండు నెలలైంది. తహసీలు కచేరీ ఇచ్చే 'ఉత్పన్నాచా దాఖలా', అంటే ఆదాయ ధ్రువపత్రం, అడుగు, కాదనను. కానీ దాన్నే నమ్ముకోకు. మిర్చి సీజనులో నాలుగు డబ్బులు చూసిన హమాలీకి వానకాలంలో పని ఉండదు, దాఖలా మీద మాత్రం ఒకే అంకె ఉంటుంది. దుబాయిలో ఉన్న తండ్రి డబ్బు పంపుతున్నాడో లేదో ఏ దాఖలా చెప్పదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి అడుగు.

లెక్క ఇలా వెయ్యి. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇల్లనుకో. అద్దె 2,500, ముసలామె మందులు 1,200, బచత్ గట్ (పొదుపు సంఘం) అప్పు వాయిదా 2,300. మిగిలేది ఆరు వేలు. అయిదుగురి తిండి, కరెంటు, బట్టలు, బస్సు ఖర్చులకు 5,400 పోతే ఆరువందలు చేతిలో ఉంటాయి. అందులో వంద వాళ్లకు వదిలి, నెలకు 500 అడుగు. ఏడాదికి ఆరు వేలు వాళ్లది. మీ ఫీజు 18,000 అయితే పన్నెండు వేలు నిధిది. ముందు వాళ్లు ఎంత ఇవ్వగలరో తేల్చు, రాయితీ దానంతట అదే తేలుతుంది.

నేను ఆరేళ్లు దీన్ని తలకిందులుగా చేశాను. న్యాయంగా ఉండాలని, వచ్చినవాళ్లందరికీ సగం మాఫీ. ఒక ఏడాది పదిమందికి అలా ఇచ్చాను. దసరా నాటికి నలుగురు మానేశారు. మిగతా సగం వాళ్లవల్ల కాలేదు. అంటే ఆ నలుగురి కోసం పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే, పిల్లల చదువూ పోయింది. నిధి చాలకపోతే పదిమందికి సగం సగం పంచకు. ఆరుగురికి సరిపోయినంత ఇచ్చి, నలుగురికి ఇవ్వలేమని మేలోనే చెప్పు. నోటితో కాదు, కారణం రాసి, మళ్లీ పరిశీలించమని అడిగే వీలు ఇచ్చి. అప్పుడు వాళ్లు జిల్లా పరిషత్ బడికైనా సమయానికి వెళ్తారు. ఆ రోజు నీకు అన్నం సహించదు. నాకూ సహించేది కాదు.

నిర్ణయం నువ్వొక్కదానివే తీసుకోకు. ముగ్గురు ఉండాలి, దరఖాస్తు మీద పేరు బదులు అంకె ఉండాలి, బంధువుల కాగితం వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి. మా ట్రస్టులో ఒక అడ్తిదారు, అంటే మార్కెట్లో కమీషను వ్యాపారి, ఉండేవాడు. తన కొట్టులోని హమాలీ పిల్లలకు ఎప్పుడూ పూర్తి మాఫీ రాయించేవాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఆ హమాలీ ఎక్కువ కూలి ఇస్తామన్న పక్క కొట్టుకు పోలేక ఎనిమిదేళ్లు అక్కడే మూటలు మోశాడని తర్వాత తెలిసింది.

రాయితీ సంగతి తరగతి గదిలోకి రానివ్వకు. రసీదు పుస్తకం అందరికీ ఒకటే. ఒకసారి మా ఆఫీసులో పిల్లల డైరీల మీద 'మాఫీ' అని ముద్ర వేశారు. రెండో తరగతి పిల్ల ఆ పేజీ చింపి నమిలి మింగేసింది. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అంటుంది, కానీ ఆ ముద్రను వేధింపు అనుకునే గుమాస్తా నాకు ఇంతవరకు తగల్లేదు.

మార్కులు బాగా వచ్చినవాళ్లకు ఈ నిధిలోంచి ఇద్దామంటారు. వాళ్లకు కావాలంటే వేరే బహుమతి పెట్టుకోమను.

మా పాత దరఖాస్తు ఫారం ఒకటి కవరులో పెట్టాను. నాలుగో ప్రశ్న 'సొంత ఇల్లు ఉందా' అన్నది కొట్టేసి వాడుకో. మన పల్లెల్లో తాతల నాటి మట్టి ఇంట్లో అందరికీ ఒక గోడ వాటా ఉంటుంది, ఆ ఒక్క గోడ పేరు చెప్పి ఎంతమందిని తిప్పి పంపానో. బాసరలో చిన్నవాడి అక్షరాభ్యాసానికి వచ్చినప్పుడు ఆ పద్నాలుగు దరఖాస్తులూ వెంట తీసుకురా. పేర్లు కప్పేసి తే.

ఇట్లు
నీ మేనత్త