ఉచిత గేములతో వచ్చే దొంగ

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయికి గేములాడేందుకు కంప్యూటరే కావాలట. టీవీకి తగిలించి గేములాడే పెట్టె, అదే కన్సోల్, చౌక కదా అంటే, కంప్యూటర్‌లో గేములన్నీ ఉచితంగా దొరుకుతాయి, పైగా అది చదువుకూ పనికొస్తుందంటున్నాడు. ఏది కొనాలి? – ఒక తండ్రి, గుంటూరు

తెర మీద బొమ్మ నాణ్యత గురించి మీరిద్దరూ వాదించుకోనక్కర్లేదు. 2020 నవంబరులో వచ్చిన రెండు పెద్ద కన్సోళ్లలోనూ ఉన్నది ఎనిమిది కోర్ల ప్రాసెసరే, కంప్యూటర్లలో వాడే జాతిదే. ఆ స్థాయి గ్రాఫిక్స్ కార్డుతో (తెర మీద బొమ్మను గీసే భాగం) కంప్యూటర్ కూర్పిస్తే ఖర్చు ఎక్కువే. కంప్యూటర్ చదువుకూ పనికొస్తుందన్న అబ్బాయి మాట మాత్రం నిజం.

నన్ను కలవరపెడుతున్నది ఆ ఉచిత గేముల సంగతి. వాడు చెబుతున్నవి క్రాక్ చేసిన గేములైతే, అంటే డబ్బు కట్టకుండా ఆడేలా తాళం విరగ్గొట్టి పంచేవైతే, వాటితోపాటు 'ముందు యాంటీవైరస్ ఆపేయండి' అన్న సూచన కూడా వస్తుంది. పిల్లలు బుద్ధిగా ఆపేస్తారు! గేము బాగానే ఆడుతుంది. వెనకాల చిన్న ప్రోగ్రామ్ ఒకటి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ కుకీలనూ (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపట్టేందుకు బ్రౌజర్ దాచుకునే చీటీలు) మూటగట్టి పంపేస్తుంది. ఆ కుకీ దొంగ చేతిలో పడితే చాలా సైట్లు అతణ్ని మీరే అనుకుంటాయి. పాస్‌వర్డ్ అడగవు, ఓటీపీ అడగవు. 'రెండంచెల భద్రత పెట్టుకున్నా ఈమెయిల్ పోయింది' అని నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది కథ ఇదే. కంగారుపడి అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మార్చితే కొత్తది కూడా దొంగకే చేరుతుంది. ముందు దాని నెట్ తీసేయండి. వేరే ఫోనులో అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అయి, అప్పుడు పాస్‌వర్డ్‌లు మార్చండి. ఆ తర్వాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించాల్సిందే.

కన్సోల్‌లో ఈ బెడద దాదాపు లేదు. తయారీదారు ఆమోదముద్ర లేని ప్రోగ్రామ్ అందులో నడవదు. అలాగని వాళ్లను మెచ్చుకోబోవడం లేదు. నెట్ బిల్లు మనం కడుతున్నా, కొన్న గేమును స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలావాటికి మళ్లీ చందా కట్టాలి. కంప్యూటర్‌లో సాధారణంగా ఆ చందా ఉండదు. ఇప్పుడు డిస్కు పెట్టే చోటే లేని మోడళ్లు కూడా అమ్ముతున్నారు. వాటిలో కొన్న గేమును అమ్ముకోలేరు, పక్కింటి పిల్లాడికి అరువూ ఇవ్వలేరు. ఏళ్లు గడిచాక ఆ ఆన్‌లైన్ దుకాణం మూసేస్తే అడిగే దిక్కుండదు.

గేములు డబ్బిచ్చి కొంటానని అబ్బాయి ఒప్పుకుంటే కంప్యూటరే కొనండి. దానిలో అడ్మిన్ హక్కులు, అంటే కొత్త ప్రోగ్రాములు ఎక్కించే అధికారం, మీ దగ్గరే ఉంచుకోండి, బ్యాంకు పనులు చేయకండి. ఒప్పుకోకపోతే కన్సోల్, అదీ డిస్కు పెట్టేది. 'ఇప్పుడు డిస్కులెవరు కొంటున్నారు సార్' అని దుకాణదారు నవ్వితే, ఆడేసిన డౌన్‌లోడ్ గేమును తిరిగి ఎంతకు కొంటాడో అడగండి.