పక్షుల పేర్లు తెలియకపోయినా వెళ్లవచ్చా?

చెన్నైలోని పళ్లికరణై చిత్తడినేలకు ఆదివారం ఒక బృందంతో పక్షులు చూడటానికి వెళ్లాలని ఉంది, బైనాక్యులర్ లేదు, కాకీ కొంగా తప్ప పేర్లు తెలియవు, నవ్వుతారేమో అని అడిగారు. నిక్షేపంగా వెళ్లండి. మూడేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. వేలచ్చేరిలో కాపురం, రోజూ ఆ పక్క నుంచే ఆఫీసుకు ప్రయాణం, అయినా నా కంటికి ఆనింది పెరుంగుడి చెత్తకుప్ప ఒక్కటే. దాన్ని ఆనుకుని ఉన్న నీటికి 2022లో రామ్‌సర్ గుర్తింపు (ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేలలకు ఇచ్చేది) వచ్చిందని విన్నాకే, అంత ఏముందో చూద్దామని బయల్దేరాను.

ముందురోజు రాత్రి కూర్చుని 30 పేర్లు బట్టీ పట్టాను. పైగా పసుపుపచ్చ చొక్కా. గట్టు మీద నిలబడి "అదిగో!" అని చెయ్యి చాపానో లేదో, దగ్గరున్న బాతులన్నీ లేచిపోయాయి. ఎవరూ నవ్వలేదు. నెల్లూరు వైపు పెద్దాయన ఒకరు పక్కకు వచ్చి, "వేలు చూపించకు బాబూ, ఎక్కడుందో మాటల్లో చెప్పు" అన్నారు. తన బైనాక్యులర్ నా మెడలో వేసి, "ఒక్కదాన్నే 10 నిమిషాలు చూడు" అన్నారు.

చూశాను. కోడంత పక్షి, ఊదారంగు కలిసిన నీలం, ఎర్రటి ముక్కు, నుదుట అదే రంగు బిళ్ల. తుంగకాడను పీకి, కాలివేళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుని, మనం చెరుకు తిన్నట్టు కొరుక్కుని తింటోంది. ఊదా నీటికోడి అట. పేరు తర్వాత తెలిసింది.

ఇంకోటి, తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే జకానా. పుస్తకంలో బారెడు తోక ఉంది, దీనికి లేదే అని వాదించాను. ఆ తోక గుడ్లు పెట్టే కాలంలోనే ఉంటుందట. ఆ గుడ్లు పొదిగేది మగపక్షి అని ఆయన చెప్పగానే, వచ్చిన ఆడవాళ్లంతా మా వైపు చూశారు.

బైనాక్యులర్ ఇప్పుడే కొనకండి. తర్వాత కొంటే 8 రెట్లు పెద్దగా చూపించేది చాలు. అంతకు మించితే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ ఊగిపోతుంది. మట్టిరంగు బట్టలు, టోపీ, నీళ్లసీసా మరవకండి. డిసెంబరు, జనవరి అయితే వలస పక్షులూ ఉంటాయి. గాలి చెత్తకుప్ప మీదుగా వీస్తే మాత్రం ముక్కు మూసుకోక తప్పదు, ముందే చెబుతున్నాను.

రాజహంసల (ఫ్లెమింగోల) కోసమే వెళ్లకండి. మేము వెళ్లిన రోజు అవి నీటి అవతల గులాబీరంగు గీతలా కనిపించాయి, అంతే. ఫోనులో పక్షి కూతలు మోగించి పిలవాలని చూడకండి, నాకు రెండో చీవాటు దానికే పడింది.