ఇంజన్ ఆగితే ముందు ముక్కు దించు

చిరంజీవి రఘుకు ఆశీస్సులు.

నీ జెనిత్ 750 చిన్న విమానం కట్టడం పూర్తయిందని రాశావు, సంతోషం. మరి కార్బ్యురేటర్ల దాకా పెట్రోలు ఎంత వస్తోందో కొలిచావా? సొంతంగా కట్టిన విమానంలో ఇంజన్ ఆగితే ముందుగా అనుమానించాల్సింది ఇంధనం దారినే. నీ రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజన్ టేకాఫ్‌లో గంటకు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో పారే ఏర్పాటుకు అందులో 125 శాతం, అంటే దాదాపు 34 లీటర్లు రావాలి. ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, ముక్కు చక్రాన్ని ఎక్కేటప్పటి కోణానికి ఎత్తు. ట్యాంకు అడుగున కాస్త పెట్రోలే ఉంచు. కార్బ్యురేటర్లకు చీలే ముందర గొట్టం విప్పి క్యాన్‌లో పట్టు. మూడు నిమిషాల్లో 1.7 లీటర్లకు తగ్గితే ఎగరొద్దు. ఆనక ఫిల్టర్ విప్పు. రజను, సీలెంట్ తునకలు చేరేది అక్కడే. ట్యాంకు గాలిగొట్టం కూడా ఊది చూడు.

ఎక్కుతుండగా ఇంజన్ ఆగితే ముక్కు ఇంకా పైకే ఉంటుంది. ఇలాంటి తేలిక విమానానికి గాలి ఒరిపిడి ఎక్కువ, వేగం ఇట్టే పడిపోతుంది. వెంటనే స్టిక్ ముందుకు నెట్టి గ్లైడ్ వేగం, అంటే ఇంజన్ లేకుండా జారుతూ దిగే వేగం, పట్టుకో. అది చేతికొచ్చేదాకా స్విచ్‌ల జోలికి పోకు.

రన్‌వేకి తిరిగిపోదామని మనసు లాగుతుంది. 180 డిగ్రీలు తిరిగినా రన్‌వే పక్కన తేలుతావు, ఇంకా తిరగాలి. రెక్కను 45 డిగ్రీలు వాల్చి ఎత్తు కాపాడుకోబోతే స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని ఇక మోయలేని వేగం, దాదాపు 19 శాతం పెరుగుతుంది. మూడు వేల అడుగుల పైన థ్రాటిల్ మూసి, నాలుగు సెకన్లు ఊరుకుని, ఆ మలుపు తిప్పి ఎంత దిగావో రాసుకో. దానికి సగం కలుపు. అంత ఎత్తు లేకుంటే ఎదురుగా ఉన్న చోటే దిగు. థ్రాటిల్ మూసినా ఐడిల్‌లో తిరిగే ప్రొపెల్లర్ కొంత ముందుకు లాగుతుంది, ఇంజన్ నిజంగా ఆగితే ఇంకా వేగంగా దిగుతావు సుమా.

ఎత్తుంటే ముందు పొలం ఎంచుకో, తర్వాతే ఫ్యూయల్ సెలెక్టర్ (ట్యాంకు మార్చే మీట), అదనపు పంపు, రెండు ఇగ్నిషన్లు చూడు. రేడియోలో ఆపద ఫ్రీక్వెన్సీ 121.5, రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700 పెట్టడం ఆఖరున. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరస వెతుకు. దుక్కి చాళ్ల వెంబడే దిగు, అడ్డంగా కాదు. నేల తాకేముందు పెట్రోలు, ఇగ్నిషన్ కట్టేసి, ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) దించాక మాస్టర్ స్విచ్ ఆపి, తలుపు గడియ తీయి.

గంటకు 50 మైళ్లతో తాకి 9 జీ (భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్లు) చొప్పున ఆగడానికి 9.4 అడుగులు చాలు. 100 మైళ్లయితే 37.6 కావాలి. ఎదురుగాలికి దిగితే నేల మీద వేగం తగ్గుతుంది, అందుకే అలా దిగమనేది. భుజాల బెల్టు లేకుండా మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు, వాటి బోల్టులు మరోసారి బిగించి చూడు.

నీ మేనమామ