పెరట్లో లేచే మట్టి గొట్టాలు పాము పుట్టలేనా?

అమెరికాలోని ఇండియానాలో కొత్తగా కొన్న ఇంటి వెనక, పల్లంగా ఉన్న పచ్చికలో మట్టి ఉండలతో పేర్చిన గొట్టాలు లేస్తున్నాయనీ, దగ్గర్లో కాలువ కూడా లేదనీ, పాము పుట్టలేమోనని భయంగా ఉందనీ అడిగారు. టెన్షన్ పడకండి. బొరియలు తవ్వే క్రేఫిష్ (రొయ్యలా ఉండే మంచినీటి ప్రాణి) పని అది. మా పెరట్లోనూ ఏటా వసంతంలో లేస్తాయి.

వీటికి కాలువ అక్కర్లేదండీ. భూగర్భజలం పైపైనే ఉన్న బంకమట్టి నేల చాలు. మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి కాబట్టి నీళ్లు తగిలేదాకా తవ్వుతూ పోతాయి, ఒక్కోసారి మీటరు దాటి. ఆ మట్టినే ఉండలు చేసి రాత్రిపూట పైకి తెచ్చి పేరుస్తాయి. మన పొలం గట్లలో ఎండ్రకాయల బొరియలు చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. పొద్దున్నే వెళ్లి చూడండి: పై వరస ఉండలు ఇంకా తడిగా, ముదురు రంగులో ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టే.

గొట్టాన్ని బట్టి జాతి మాత్రం చెప్పలేం, ప్రాణిని చూడాల్సిందే. వసంతంలో వాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని మెల్లగా వెళ్లండి. మీసాలు బయటపెట్టి బొరియ మూతి దగ్గరే కూర్చుని ఉంటుంది, అడుగు గట్టిగా పడిందా, చటుక్కున లోపలికి జారుకుంటుంది.

మా దగ్గర కనిపించేది పెయింటెడ్‌హ్యాండ్ మడ్‌బగ్ అనే క్రేఫిష్ జాతి. 2005లో కాంబారస్ పాలిక్రోమాటస్ అని పేరు పెట్టారు, 2018లో లాకునికాంబారస్ ప్రజాతిలో చేర్చారు. ఒళ్లు ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు. పెద్ద ముందుకాళ్ల (కత్తెరలా పట్టుకునేవి) అంచులూ కొనలూ ఎరుపు, నారింజ. రంగొక్కటే నమ్మకండి, వీపు డిప్ప వెనక భాగం చూడండి. అక్కడ రెండు వంపు గాడులుంటాయి. వాగుల్లో తిరిగే రస్టీ క్రేఫిష్‌కి వాటి మధ్య ఖాళీ ఉంటుంది, దీనికి రెండూ కలిసిపోతాయి. ఇండియానాలో ఉండే మరో తవ్వకందారు డిగ్గర్ క్రేఫిష్‌తో పొరబడే వీలుంది. దాని ముందుకాలి కదిలే వేలి మొదట్లో, లోపలి వైపు లోతుగా ఒక నొక్కు కనిపిస్తుంది.

దయచేసి బొరియలో మందు పోయకండి. కింద ఉన్నది భూగర్భజలం, నేరుగా అందులోకే పోతుంది. పైగా ఆ బొరియలు వాటికి మాత్రమే కాదు, కప్పలకూ పురుగులకూ ఆసరా. ఉత్తర ఇండియానా చిత్తడి నేలల్లో మసాసాగా అనే రాటిల్‌స్నేక్ (విషపాము) చలికాలమంతా తరచూ వీటిలో తలదాచుకుంటుంది. మామూలు పెరట్లో అది కనిపించడం బాగా అరుదే, అయినా బొరియలో చెయ్యి మాత్రం పెట్టొద్దు. పచ్చిక కోసే మిషన్‌కి అడ్డమైతే గొట్టాన్ని కాలితో తోసేయండి, లోపలి ప్రాణికేమీ కాదు.

ప్రాణి దొరికితే వీపు, ముందుకాళ్లు పైనుంచి, కాళ్ల మధ్య పొట్ట భాగం కనిపించేలా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. తర్వాత అదే బొరియ దగ్గర వదిలేయండి.