ఆడియో సీడీలోని పాటలు కాపీ చేస్తే కంప్యూటర్లో ప్లే కావడం లేదు. ఎలా ఎక్కించుకోవాలి?

సీడీలో కనిపించిన 'ట్రాక్01.సీడీఏ' లాంటి ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లోకి లాగేశాను, సీడీ తీసేశాక ఒక్క పాటా రావడం లేదు అని అడిగారు. రావండీ, ఆ ఫైళ్లలో పాటే లేదు. ఒక్కొక్కటీ 44 బైట్లు, అంతే. పాట డిస్క్ మీద ఎక్కడ మొదలై ఎంతసేపు ఉంటుందో చెప్పే చీటీని విండోస్ అలా ఫైలులా చూపిస్తుంది. ఆడియో సీడీలో మనకు అలవాటైన ఫైళ్లూ ఫోల్డర్లూ ఉండవు. సౌండును చదివి ఫైలుగా మార్చాలి. ఆ పనినే రిప్పింగ్ అంటారు, దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

నా దగ్గరున్న సీడీలన్నీ తీరిక దొరికినప్పుడల్లా ఇలాగే ఎక్కించుకున్నాను. విండోస్‌లో వాడింది ఎగ్జాక్ట్ ఆడియో కాపీ. ఉచితంగానే దొరుకుతుంది. సెట్టింగులు చూస్తే మొదట టెన్షన్ వస్తుంది కానీ, సెటప్ విజర్డ్ అడిగినవాటికి జవాబిస్తూ పోతే సరిపోతుంది. అంత ఓపిక లేకపోతే ఫ్రీయాక్ తేలిక. అది మ్యాక్, లినక్స్‌లలోనూ నడుస్తుంది. విండోస్ మీడియా ప్లేయర్‌తోనూ పని జరుగుతుంది, కాకపోతే రిప్ నొక్కేముందు ఆప్షన్స్‌లో ఫార్మాట్ చూసుకోండి. డబ్ల్యూఎంఏ (మైక్రోసాఫ్ట్ సొంత ఆడియో ఫార్మాట్) అని ఉంటే మార్చేయండి.

ఏ ఫార్మాట్ అంటే, నా ఓటు ఫ్లాక్‌కే. సీడీలో సౌండు సెకనుకు 1411 కిలోబిట్ల చొప్పున ఉంటుంది, అంటే నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఫ్లాక్ దాన్ని ఒక్క బిట్ కూడా పోకుండా, చాలావరకు సగానికి అటూ ఇటూ కుదిస్తుంది. సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీ3 అయితే నిమిషానికి 2.4 ఎంబీయే. విన్నప్పుడు తేడా నాకైతే తెలియదు, నిజం చెప్పాలిగా! అయినా ఫ్లాక్ ఎందుకంటే, దాని నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3లో పోయినది మళ్లీ రాదు, సీడీలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టే ఓపిక అసలే రాదు.

అసలు తలనొప్పి గీతలు పడ్డ డిస్కులతో. డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు (డిస్క్ మీది చిన్న ముక్కకు) 2352 బైట్లుంటే 2048లో మాత్రమే డేటా పెట్టి, మిగతాది చిరునామాకూ తప్పుల దిద్దుబాటుకూ వాడతారు. ఆడియో సీడీలో ఆ 2352 బైట్లూ సౌండే. తప్పుల్ని దిద్దే ఏర్పాటు దీనికీ ఉంది కానీ, డేటా సీడీలో అదనంగా ఉండే ఆ రెండో అంచె ఉండదు. అందుకే చదవలేని చోట డ్రైవ్ పక్కనున్న సౌండు ముక్కలను బట్టి ఊహించి నింపేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. ఎర్రర్ మెసేజ్ రాలేదు కదా, రిప్ బాగా వచ్చిందనుకోవడానికి లేదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ పెడితే తేడా వచ్చిన చోటును మళ్లీ మళ్లీ చదువుతుంది. ఆపైన అక్యురేట్‌రిప్ ఆన్ చేస్తే, అదే సీడీని వేరేవాళ్లు రిప్ చేసినప్పుడు వచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యతో) మనదాన్ని పోల్చి చూస్తుంది. అరుదైన సీడీలు ఆ డేటాబేస్‌లో దొరకవు. అప్పుడు పాటను రెండుసార్లు చదివే 'టెస్ట్ అండ్ కాపీ' నొక్కి, రెండుసార్లూ వచ్చిన సీఆర్‌సీలు (ఇవీ చెక్‌సమ్‌లే) ఒకటేనా అని చూసుకోండి.

సరిపోలకపోతే డిస్కును మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. అయినా రాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. నా లాప్‌టాప్‌లో మొరాయించిన కొన్ని డిస్కులు యూఎస్‌బీ డ్రైవ్‌లో హాయిగా వచ్చేశాయి. కానీ లేబుల్ వైపు గీత పడి వెలుతురు అవతలికి కనిపిస్తుంటే ఆశ వదులుకోవడమే, ఎందుకంటే లేజర్‌ను ప్రతిఫలించే పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది.

పాటల పేర్లు చాలా సీడీల్లో ఉండవు. ట్రాకుల నిడివిని బట్టి సాఫ్ట్‌వేర్ మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఆన్‌లైన్ డేటాబేస్‌లో వెతికి తెస్తుంది. ఒక్కోసారి ఇంకేదో ఆల్బమ్ పేర్లు అంటించేస్తుంది కాబట్టి కవర్‌తో సరిచూసి అప్పుడు రిప్ మొదలుపెట్టండి. ఫ్లాక్ ట్యాగుల్లో (ఫైలులోనే ఉండే పాట పేరు లాంటి వివరాల్లో) తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు, నేను అలాగే రాసుకున్నాను. కొన్ని పాత ప్లేయర్లు మాత్రం అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తాయి.

అన్నట్టు, మీ డిస్కుల్లో ఏదైనా తెరిస్తే సీడీఏ కాకుండా ఎంపీ3 ఫైళ్లు కనిపించాయంటే ఈ తతంగమేమీ అక్కర్లేదు, మామూలుగా కాపీ చేసేసుకోండి.