కార్డు తియ్యగానే బాబు ఏడుస్తున్నాడు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పలాస. మా బాబు రెండో తరగతి. కూడికలు ఇస్తే ఇంకా వేళ్ళ మీదే లెక్కపెడతన్నాడని వాళ్ళ నాన్న ఫ్లాష్ కార్డుల డబ్బా ఒకటి తెచ్చారు. రాత్రి అన్నాలయ్యాక ఫోన్లో టైమర్ పెట్టి వరసపెట్టి అడుగుతారు. వీడు రెండు మూడు చెప్పి బిగుసుకుపోతాడు, తర్వాత ఏడుపే. పగలు నాను అడిగితే బానే సెప్తాడు. కార్డులు మానెయ్యాలేటి? వేళ్ళు మాన్పించడం ఎలాగ?
– ఒక తల్లి, పలాస

జవాబు: కార్డులు మానక్కర్లేదమ్మా, టైమర్ మాత్రం ఈ రాత్రి నుంచే తీసెయ్యండి. పిల్లాడు భయపడితే బుర్రలో చాలా చోటు ఆ భయమే తినేస్తుంది, లెక్క చేసుకోడానికి మిగిలేది కొంచెమే, పగలు మీకు చెప్పింది రాత్రి నాన్నగారికి చెప్పలేకపోవడానికి ఇదే కారణమై ఉండొచ్చు. వాళ్ళ నాన్నగారు కూడా ప్రేమతోనే కూర్చుంటున్నారు కాబట్టి ఆయన్ని తప్పించొద్దు, పద్ధతి మారిస్తే చాలు.

ముందు వేళ్ళ సంగతి. వేళ్ళు వాడటం తప్పు కాదు, ఎలా వాడుతున్నాడో చూడండి. 8+5 కి ఒకటి నుంచి మొదలుపెట్టి పదమూడూ లెక్కపెడుతున్నాడా, లేక ఎనిమిది మనసులో ఉంచుకుని తొమ్మిది, పది అంటూ ఐదు వేళ్ళు మడుస్తున్నాడా? రెండోది చేస్తుంటే పిల్లాడు దారిలోనే ఉన్నాడు, వేళ్ళు వాటంతటవే తగ్గుతాయి. మొదటిదే చేస్తుంటే కొన్నాళ్ళు కార్డులు పక్కనపెట్టి చింతపిక్కలు తియ్యండి (మీ ఊళ్ళో జీడిపిక్కలు చేతికందుతాయి గానీ అవి వద్దు, తొక్కలో జీడి అంటుకుంటే చర్మం పొక్కిపోతుంది). ఎనిమిది పిక్కలు ఒక కుప్ప, ఐదు ఇంకో కుప్ప పెట్టి, ఐదులోంచి రెండు ఇటు జరపమనండి, ఇది పది అయింది, అటు మూడు మిగిలాయి. ఇలా చేత్తో జరిపి చూసిన పిల్లాడికి కార్డు మీద 8+5 అంటే ఏంటో తెలుస్తుంది. చూడనివాడికి అది ఊరికే బట్టీ, నాలుగు రోజులు వాడకపోతే పోతుంది.

ఇప్పుడు డబ్బా సంగతి. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల కూడికలు మొత్తం 100. 3+5, 5+3 ఒకటేనని తెలిస్తే 55 కి తగ్గిపోతాయి. సున్నా కలిపేవీ ఒకటి కలిపేవీ తీసేస్తే మిగిలేవి 36 మాత్రమే, ఈ మాట పిల్లాడికి కూడా చెప్పండి, కొండలా కనిపించే డబ్బా చిన్నదైపోతుంది. ఆ 36 లో జంటలు ముందు ఇవ్వండి, 4+4, 6+6 లాంటివి పిల్లలకి తొందరగా వస్తాయి, తర్వాత పది అయ్యేవి, అంటే 7+3, 6+4. ఇవి వచ్చాక 6+7 అడిగితే ‘6+6 పన్నెండు, ఇంకొకటి’ అని వాడే అంటాడు. ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నవి ఆఖర్న, పిక్కలు జరిపినట్టే పది చేసుకుని.

రోజుకి ఐదు నిమిషాలు చాలు, అదీ అన్నానికి ముందు, నిద్దర రాకముందు. వచ్చిన కార్డులు ఐదారు, కొత్తవి రెండు, అంతకంటే వద్దు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ ఆయన 1972 లో చెప్పిన పెట్టెల పద్ధతి ఇంట్లో బాగా పనికొస్తుంది: మూడు అట్టపెట్టెలు పెట్టుకోండి, వచ్చిన కార్డు తర్వాతి పెట్టెలోకి పోతుంది, రానిది మళ్ళీ మొదటి దాంట్లోకే వస్తుంది. మొదటి పెట్టె రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికోసారి. మరిచిపోయే ముందు మళ్ళీ అడగడమే ఇందులో కిటుకు. కార్డు ఏ పెట్టెలో వెయ్యాలో పిల్లాడి చేతే వేయించండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది, తప్పు చెప్పినప్పుడు ‘కాదు’ అనేసి తర్వాతి కార్డుకి పోవద్దు, ‘ఎలా వచ్చింది నాన్నా?’ అని అడగండి. 8+5 కి పన్నెండు అన్నాడనుకోండి, చాలామంది పిల్లలు ఎనిమిదినే మొదటి వేలుగా లెక్కపెట్టేస్తారు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. తీసివేతలో కూడా ఇదే జరిగి 9-4 కి ఆరు వస్తుంది. ఇది తెలిస్తే సరిదిద్దడం తేలిక, తెలియకపోతే అదే కార్డు వందసార్లు చూపించినా అదే తప్పు చెప్తాడు.

ప్రశ్న: మేం రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ఎక్కాలు వల్లెవేసి నేర్చుకున్నాం. మనవరాలికి ఈ కార్డులు అవసరమా?
– ఒక తాతగారు, బొబ్బిలి

జవాబు: వల్లెవేయించండి తాతగారూ, ఆ లయ పిల్లల నాలుక మీద నిలుస్తుంది. కాకపోతే 7×8 ఎంత అంటే ‘ఏడు ఒకట్ల ఏడు’ దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చే పిల్లలు చాలామంది. కార్డులు కలిపేసి మధ్యలోంచి అడిగితే ఆ వరస మీద ఆధారపడటం తగ్గుతుంది. సాయంత్రం మీ ఎక్కం, పొద్దున్న నాలుగు కార్డులు, రెండూ ఉండనివ్వండి.

ప్రశ్న: మా పాపకి మూడేళ్ళు, అంగన్‌వాడీకి వెళ్తోంది. ప్లస్ కార్డులు ఇప్పుడే మొదలుపెట్టనా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: వద్దమ్మా, చాలా తొందర. పాత శుభలేఖల వెనక ఒకటి నుంచి మూడు దాకా చుక్కలు పెట్టి ‘ఎన్ని?’ అని అడగండి, అంతవరకు లెక్కపెట్టకుండా చూడగానే చెప్పడం ఈ వయసులో మెల్లగా వస్తుంది. మూడు బాగా వచ్చాక నాలుగు పెట్టండి. మిగతాది మెట్లెక్కుతూ, ఇడ్లీలు వడ్డిస్తూ.