మోత్యా గురించి రాసిన యువ రచయితకు

చిరంజీవి సుధీర్‌కు ఆశీస్సులు.

నీ వ్యాసం మొదటి పేజీలోనే ‘మోత్యా శిలలు మౌనంగా రోదిస్తున్నాయి’ అన్న వాక్యం చూసి నాకు కోపం వచ్చింది. ఊరి పేరు మార్చి ఎక్కడైనా అతికించగలిగిన వాక్యం ఏ ఊరి గురించీ చెప్పదు. ఇటలీలోని సిసిలీ పశ్చిమ తీరాన, మార్సాలా ఊరి దగ్గరి లోతులేని ఉప్పునీటి మడుగులో ఉన్న ఈ చిన్న ద్వీపం మీద, తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చిన సముద్ర వర్తకులైన ఫినీషియన్లు కట్టుకున్న పట్టణానికి తనదైన చావు ఉంది; దాన్ని నువ్వు ఒక్క పంక్తిలో దాటేశావు.

శిథిలాల గురించి రాసేవాడు నిట్టూర్చడం మాని, అక్కడి మనుషులు ఏ గోడ వెనక నిలబడ్డారో, ఏ నీళ్లు వాడారో, ఏ దారిన వచ్చిపోయారో చెప్పాలని నా గట్టి నమ్మకం. క్రీ.పూ. 397లో సిసిలీలోనే ఉన్న గ్రీకు నగరం సిరక్యూస్ పాలకుడు డయొనీసియస్ దండెత్తి వస్తున్నాడని తెలియగానే మోత్యావాసులు ఒడ్డుకు వెళ్లే తమ కట్టను తామే తెగగొట్టుకున్నారు. అతను దాన్ని పూడ్పించి, చక్రాల మీద కదిలే ఆరంతస్తుల బురుజులను గోడల దాకా తోయించాడు. గోడ కూలాక కూడా ఊరు లొంగలేదు. ఎత్తయిన ఇళ్లే రెండో కోటగోడ అయ్యాయి, సందులను మూసేశారు, బురుజుల నుంచి ఇళ్ల మీదికి వాల్చిన చెక్కవంతెనల మీద, వెనక్కి తగ్గడానికి చోటు లేక, ఎదురుబొదురుగా నరుక్కున్నారు. రోజూ సాయంత్రం బూర ఊదించి సేనను వెనక్కి పిలిచే డయొనీసియస్, ఆ వేళకు పోరు ఆగుతుందని మోత్యావాసులు నమ్మడం అలవాటయ్యాక, రాత్రిపూట నిచ్చెనలతో మనుషులను పంపాడు. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు డియొడోరస్ ఇదంతా రాసిపెట్టాడు. నీకు కన్నీళ్లు కావాలంటే ఆ సాయంత్రపు బూర దగ్గర వెతుకు.

మోత్యాలో కోథోన్ అని పిలిచే రాతికట్టు జలాశయాన్ని నువ్వు ఇంకా రేవు అనే రాశావు. రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయం తవ్వకాల్లో అది 52.5 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు ఉన్న పవిత్ర కోనేరని, అందులోకి అడుగునుంచి మంచినీరు ఊరేదని, చుట్టూ గుళ్లు ఉండేవని తేలింది. ఈ కొలతలను వ్యాసంలోనే ఉంచు, ఎవరు వద్దన్నా తీయకు. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఉత్తర ఆఫ్రికాలోని ఫినీషియన్ మహానగరం కార్తేజ్ రేవులో 220 నౌకలకు చోటుండేదన్న ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ మాటను ఒక సంపాదకుడు ‘పాఠకుడికి లెక్కలెందుకు’ అని కొట్టేసి, ఆ చోట కాలప్రవాహం మీద తన సొంత పేరా కలిపి నా పేరుతోనే అచ్చువేశాడు. ఆ పత్రికకు నేను మళ్లీ రాయలేదు. ఇప్పటికీ అలాంటి పేరాలకే మెప్పు దక్కుతోంది.

నీటి కింద మునిగిన ఆ పాత కట్ట మీద ఇటీవలి కాలం దాకా ద్రాక్షపళ్ల బండ్లు నడిచాయని నువ్వు రాసిన చోటు బాగుంది. వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టి తిరగరాయి. మోత్యా డయొనీసియస్ చేతికి చిక్కిన మరుసటి ఏడే కార్తేజ్ సేన దాన్ని తిరిగి పట్టుకున్నా, ఊరిని మళ్లీ నిలబెట్టకుండా ఎదుటి తీరాన లిలిబేయం అనే కొత్త పట్టణం ఎందుకు కట్టిందో కూడా ఈసారి చెప్పాలి.